ఒకే ఆకాశం, నాలుగు నీలాలు: ఆర్కిటెక్చర్ ల్యాబ్‌లో కలర్ ప్రింటింగ్ కేస్ స్టడీ

కోస్తాలోని ఒక యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ విభాగం ల్యాబ్ ఇది. 32 కంప్యూటర్లు, ఒక ఏ3 కలర్ లేజర్ ప్రింటర్, పెద్ద షీట్లు తీసే 24 అంగుళాల ఇంక్‌జెట్ ప్లాటర్ ఒకటి. పక్క బ్లాకులోని ఇంజినీరింగ్ పిల్లలు కూడా ప్రాజెక్టు రిపోర్టులు ఇక్కడే తీయించుకుంటారు. ఫిర్యాదులు రెండే. స్క్రీన్ మీద కనిపించిన రంగు కాగితం మీదికి రావడం లేదన్నది ఒకటి. బ్లాక్ అండ్ వైట్ రిపోర్టుకు కలర్ డబ్బులు పడుతున్నాయన్నది రెండోది.

మొదటిదానికి అందరూ ప్రింటర్నే తప్పుపట్టారు. టోనర్ మార్చారు, డ్రమ్ మార్చారు, సర్వీసు మనిషిని రెండుసార్లు పిలిపించారు. జ్యూరీ (డిజైన్ మూల్యాంకనం) ముందు రోజు ఒకే షీటు మూడుసార్లు తీయించుకుని, మూడూ పారేసిన పిల్లలున్నారు. ప్రింటర్‌లో చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు. ఫైల్లో ఉన్న రంగు అంకెల్ని ఈ ప్రింటర్‌కు, ఈ కాగితానికి సరిపడేలా మార్చే పని ఎవరు చేస్తున్నారో ఎవరికీ తెలియకపోవడమే అసలు లోపం. ఆ పని ఒక్కచోట, ఒక్కసారి జరగాలి. ఇక్కడ కొన్ని సిస్టంలలో రెండుసార్లు జరుగుతోంది, కొన్నిటిలో అసలు జరగడమే లేదు.

ముందు దోషం ఎక్కడుందో తేల్చడం

దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఒక ఏ3 పరీక్ష షీటు తయారుచేస్తే చాలు. అందులో తెలుపు నుంచి నలుపు దాకా 11 మెట్ల బూడిద రంగు పట్టీ, ఆకాశ నీలం, ఇటుక ఎరుపు, ఒక మనిషి ముఖం ఫొటో, 8 పాయింట్ల తెలుగు అక్షరాల పేరా ఒకటి పెట్టాలి. ఇటుక ఎరుపుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) అంకెలుగా 160, 82, 45 వాడాం. ఎర్రమట్టి గోడల రెండర్లలో (కంప్యూటర్‌లో చేసిన భవనం బొమ్మల్లో) దాదాపు ఇదే రంగు వస్తుంది. ఫైల్‌ను ఎస్‌ఆర్‌జీబీలో (తెరల రంగు అంకెలకు వాడే సాధారణ ప్రమాణం) ఉంచి, ఆ ప్రొఫైల్‌ను, అంటే ఏ అంకెకు ఏ రంగో చెప్పే వివరాన్ని, ఫైల్లోనే జతచేసి సేవ్ చేయాలి.

ఇప్పుడు నాలుగు సిస్టంల నుంచి, అదే లేజర్ ప్రింటర్‌కు, అదే రీములోని కాగితం మీద, పది నిమిషాల్లో నాలుగు కాపీలు తీయాలి. నాలుగూ ఒకేలా వచ్చి స్క్రీన్‌తో తేడా ఉంటే దోషం మానిటర్లది, లేదా ప్రొఫైల్‌ది. నాలుగూ నాలుగు రకాలుగా వస్తే ప్రింటర్‌ను వదిలేసి సెట్టింగులు చూడాలి. పది నిమిషాల్లో యంత్రం తనంతట తాను అంతగా మారదు.

ఇక్కడ నాలుగు రకాలుగానే వచ్చాయి. ఒకదానిలో ఆకాశం వంకాయ రంగుకు తిరిగింది, ఇటుక గులాబీ ఛాయలోకి వెళ్ళింది. ఇంకోదానిలో నీలం బూడిద పూసినట్టు వెలిసిపోయింది. మూడోది బాగానే ఉంది. నాలుగోదానిలో బూడిద పట్టీ నడిమి మెట్లలో ఎర్ర జీర కనిపించింది. రంగు దారి తప్పితే మొదట బయటపెట్టేది బూడిదే. ఎరుపో నీలమో కొంచెం మారితే కన్ను సర్దుకుంటుంది కానీ, బూడిదలో లేశం గులాబీ కలిసినా ఊరుకోదు. అందుకే ఆ పట్టీ లేకుండా పరీక్ష షీటు చేయకూడదు.

రెండుసార్లు సరిచేస్తే జరిగేది

వంకాయ రంగు ఆకాశం వచ్చిన సిస్టంలో ఫొటోషాప్ ప్రింట్ విండోలో ‘ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్’ ఎంచుకుని ఉంది, ప్రింటర్ ప్రొఫైల్ కూడా పెట్టి ఉంది. అంతవరకు సరైనదే. ఫొటోషాప్ అంకెల్ని ఆ ప్రింటర్‌కు తగ్గట్టు మార్చి పంపింది. డ్రైవర్‌లోని కలర్ ట్యాబ్‌లో మాత్రం ‘ఆటోమేటిక్’ అలాగే ఉండిపోయింది. వచ్చిన అంకెలు మామూలు ఎస్‌ఆర్‌జీబీ అంకెలేననుకుని డ్రైవర్ మళ్ళీ ఒకసారి మార్చింది. కూరలో ఇద్దరు ఉప్పు వేసినట్టయింది. ఇలాంటప్పుడు ఎక్కువగా ప్రింటంతా మెజెంటా వైపు ఒరుగుతుంది.

వెలిసిపోయిన నీలం కథ వేరు. ఆ ఫైల్‌ను ‘ప్రింట్ కదా’ అని ముందే సీఎంవైకేలోకి (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకుల అంకెల్లోకి) మార్చి పెట్టారు. ఎడోబీ ప్రోగ్రాముల్లో ఉత్తర అమెరికా డిఫాల్ట్ సెట్టింగులే ఉన్నాయి. అంటే మార్పిడి అమెరికాలో వెబ్ ఆఫ్‌సెట్‌కు వాడే స్వాప్ ప్రొఫైల్‌లోకి జరిగింది. ఆ యంత్రం అందుకోలేని నీలాలు, ఆకుపచ్చలు అక్కడే కోసుకుపోయాయి. మన ప్రింటర్ డ్రైవర్ ఆర్‌జీబీ తీసుకునే రకం కనుక దాన్ని మళ్ళీ ఆర్‌జీబీలోకి తిప్పారు. పోయిన రంగు తిరిగి రాదు. ప్రింట్ అంటే సీఎంవైకే అన్నది ఆఫ్‌సెట్ ప్రెస్సుకు వెళ్ళే పనికి చెల్లే మాట. పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రెస్సు పనుల్లో వాడే పేజీ భాష) లేని ఆఫీసు లేజర్‌కు, క్యాడ్ ప్లాటర్‌కు ఫైల్‌ను చివరిదాకా ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచాలి. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చిన అలవాటు కావడంతో పిల్లల చేత దీన్ని మాన్పించడమే అన్నిటికంటే కష్టమైంది.

విధానం ఇలా స్థిరపడింది. లేజర్ క్యూలో (ప్రింటుకు పంపిన పనుల వరసలో) రంగు బాధ్యత మొత్తం ప్రింటర్‌దే. వర్డ్, పవర్‌పాయింట్, పీడీఎఫ్ రీడర్, ఎక్కడి నుంచి పంపినా డ్రైవర్ వచ్చినదాన్ని ఎస్‌ఆర్‌జీబీగానే చూస్తుంది, ఫొటోషాప్‌లో ‘ప్రింటర్ మేనేజెస్ కలర్స్’ పెట్టాలి. ప్లాటర్ క్యూ మాత్రం కౌంటర్ దగ్గరి ఒక్క సిస్టంకే ఇచ్చారు. పిల్లలు పీడీఎఫ్ పంపుతారు. అక్కడ అప్లికేషనే ప్లాటర్ ప్రొఫైల్‌తో మార్పిడి చేస్తుంది, డ్రైవర్‌లో ‘అప్లికేషన్ మేనేజ్డ్ కలర్స్’ ఎంచుకుని ఉంటుంది. 32 చోట్ల సరిగ్గా ఉంచలేని సెట్టింగును ఒక్కచోట ఉంచడం తేలిక. రెండరింగ్ ఇంటెంట్‌కు (ప్రింటర్ వేయలేని రంగుల్ని ఎలా సర్దాలో చెప్పే ఎంపికకు) ఫొటోలు, రెండర్లు ఉన్న షీట్లకు పర్సెప్చువల్, సమతల రంగులతో ఉండే ప్లాన్లకు బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో (ఫైల్‌లోని నలుపును ప్రింటర్ నలుపుకు సర్దే ఆప్షన్) రిలేటివ్ కలరిమెట్రిక్. మిగతా రెండు ఇంటెంట్లూ ఈ పనికి అక్కర్లేదు.

పీడీఎఫ్ చేసేటప్పుడు అవుట్‌పుట్‌లో ఎస్‌ఆర్‌జీబీకి మార్చమని, ప్రొఫైల్ జతచేయమని చెప్పాలి. ఏ1 షీటును 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ళు) పెడితే 7016 × 9933 పిక్సెళ్ళు, విప్పితే 209 మెగాబైట్లు. 150 పీపీఐలో 52 మెగాబైట్లే. గోడకు అంటించి అడుగున్నర దూరం నుంచి చూసే షీటుకు 150 సరిపోతుంది, సన్న గీతలు వెక్టర్‌గానే ఉంటే తెగవు. సబ్మిషన్ రోజు క్యూ ఆగిపోవడానికి ఎక్కువగా ఈ 300 పీపీఐ షీట్లే కారణం.

మానిటర్లు: పని చేసినా నిలవకపోవడం

మానిటర్ల కాలిబ్రేషన్ (రంగును కొలిచి సరిదిద్దడం) ఇంతకుముందు ఒకసారి చేశారు. నెల తిరక్కుండా మళ్ళీ ఎప్పటిలాగే అయింది. అందుకు మూడు కారణాలు దొరికాయి. మూడూ కాలేజీ ల్యాబ్‌లలో ఎక్కువగా ఎదురయ్యేవి.

మొదటిది డీప్ ఫ్రీజ్. ల్యాబ్ సిస్టంలను రీస్టార్ట్ చేస్తే పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. ఫ్రీజ్ తీయకుండా ప్రొఫైల్ పెడితే మర్నాటి ఉదయానికి ఉండదు. రెండోది క్లోనింగ్. ఒక సిస్టంలో ప్రొఫైల్ పెట్టి, ఆ డిస్క్ ఇమేజ్‌ను మిగతా 31 సిస్టంలకు దించారు. ఒక మానిటర్‌ను కొలిచి చేసిన ప్రొఫైల్ 32 మానిటర్ల మీద కూర్చుంది. ప్రొఫైల్ మానిటర్‌ది, సిస్టంది కాదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా వాడకాన్ని బట్టి బ్యాక్‌లైట్ తలా ఒక తీరుగా పాతబడుతుంది. మూడోది విండోస్ తీరు. కలర్ మేనేజ్‌మెంట్ ప్యానెల్‌లో మామూలుగా పెట్టే ప్రొఫైల్ అప్పుడు లాగిన్ అయిన యూజర్‌కే వర్తిస్తుంది. అడ్మిన్ లాగిన్‌లో పెట్టింది విద్యార్థి లాగిన్‌లో కనిపించదు. అదే ప్యానెల్‌లో అడ్వాన్స్డ్ ట్యాబ్‌లో ‘చేంజ్ సిస్టం డిఫాల్ట్స్’ తెరిచి అక్కడ పెట్టాలి. అక్కడే ‘యూజ్ విండోస్ డిస్‌ప్లే కాలిబ్రేషన్’ టిక్ చేయాలి. లేకపోతే ప్రొఫైల్ పేరు కనిపిస్తుంది కానీ, గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కాల్సిన సవరణ ఎక్కదు. రాత్రిపూట తెరను పసుపు చేసే నైట్ లైట్‌ను కూడా ఆపేయాలి.

ఒక్కో మానిటర్‌కు చేసిన పని ఇది. అరగంట వెలిగించి ఉంచాలి. ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపాలి. కలరిమీటర్ (తెర రంగు కొలిచే పరికరం) తెరకు ఆనించి వెలుతురు చదరపు మీటరుకు 120 కాండెలాలకు దించాలి, గామా 2.2, తెలుపు డీ65 (దాదాపు 6500 కెల్విన్ పగటి తెలుపు). కొత్త ఆఫీసు మానిటర్లు 250 కాండెలాలు, ఆపైన ఇస్తాయి. అంత వెలుగులో షీటు చేసినవారికి ప్రింటు ఎప్పుడూ చీకటిగానే కనిపిస్తుంది. ‘ప్రింటు నల్లగా వస్తోంది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ బ్రైట్‌నెస్ బటనే. కొలత పూర్తయ్యాక మానిటర్ వెనక నంబరు స్టిక్కర్, ప్రొఫైల్ పేరులో అదే నంబరు. సెలవుల్లో బల్లలు జరిపినప్పుడు మానిటర్లు తారుమారవుతాయి, స్టిక్కర్ లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్కోదానికి పావుగంట చొప్పున 32 మానిటర్లకు ఒక పూర్తి పనిదినం పడుతుంది.

డీ65 ఎందుకు, డీ50 ఎందుకు కాదన్న ప్రశ్న వస్తుంది. ప్రింటింగ్ ప్రమాణమైన ఐఎస్ఓ 3664 డీ50 వెలుతురు, అంటే దాదాపు 5000 కెల్విన్, అడుగుతుంది. కానీ ల్యాబ్ పైకప్పుకు ఉన్నవి తెల్లటి 6500 కెల్విన్ ఎల్ఈడీ ట్యూబులు. ఆ వెలుగులో డీ50 తెర పసుపు పూసుకున్నట్టుంటుంది, పిల్లలు వెంటనే బటన్లు నొక్కి మార్చేస్తారు. అందుకని తెరలు డీ65లో ఉంచి, కౌంటర్ పక్క గోడకు మాత్రం 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్న రెండు దీపాలు, వెనక రంగు లేని లేత బూడిద పెయింటు పెట్టారు. ప్రింటు బాగుందా లేదా అని తేల్చేది ఆ గోడ దగ్గరే. వరండాలో సాయంత్రపు ఎండలో చూసి ‘ఎర్రగా ఉంది’ అంటే ఒప్పుకోనక్కర్లేదు.

ప్లాటర్‌కు ప్రొఫైల్

ప్లాటర్ తయారీదారు ఇచ్చిన ప్రొఫైళ్ళు వాళ్ళ కాగితాలకు చేసినవి. ఇక్కడ వాడేది స్థానికంగా దొరికే 90 జీఎస్ఎం బాండ్, 120 జీఎస్ఎం కోటెడ్ రోళ్ళు. రెంటికీ విడివిడిగా ప్రొఫైల్ కావాలి. స్పెక్ట్రోఫొటోమీటర్ (కాగితం మీది రంగు కొలిచే పరికరం) ఒక వారానికి అద్దెకు తెచ్చి, ఉచితంగా దొరికే ఆర్గిల్ సాఫ్ట్‌వేర్‌తో చేశారు.

ఆర్గిల్‌లోని టార్జెన్‌లో ‘ప్రింట్ ఆర్‌జీబీ’ రకం ఎంచుకుని, కొలవడానికి 900 రంగు గళ్ళు చేశారు. డ్రైవర్ ఆర్‌జీబీ తీసుకుంటున్నప్పుడు ప్లాటర్‌లో నాలుగు ఇంకులున్నాయని సీఎంవైకే గళ్ళు చేయడం తప్పు. ప్రింట్‌టార్గ్ ఆ గళ్ళను పేజీలుగా పేరుస్తుంది. ఈ పేజీల మీద ఏ రంగు మార్పిడీ పడకూడదు. ఫొటోషాప్‌లో ఆ వీలు 2010 నాటి సీఎస్5తోనే తీసేశారు. దానికి బదులు ఎడోబీ కలర్ ప్రింటర్ యుటిలిటీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, దాని నుంచే తీయాలి. ముందు నాజిల్ పరీక్ష, హెడ్ అలైన్‌మెంట్. తర్వాత ప్లాటర్ ప్యానెల్‌లోనూ డ్రైవర్‌లోనూ కాగితం రకం, క్వాలిటీ ఒకటే పెట్టాలి. ఆ జంట మారితే ఇంకు మోతాదు మారుతుంది, ప్రొఫైల్ పనికిరాదు.

తీసిన గళ్ళను ఒక రాత్రి ఆరనివ్వాలి. కొలిచేటప్పుడు కింద అదే కాగితం నాలుగు పొరలు వేయాలి. లేకపోతే బల్ల రంగు పల్చని బాండ్ కాగితంలోంచి కనిపించి కొలత చెడిపోతుంది. చార్ట్‌రీడ్‌తో వరసవరసా చదివాక కోల్‌ప్రాఫ్ ప్రొఫైల్ కడుతుంది, ప్రాఫ్‌చెక్ తేడా చూపుతుంది. సగటు డెల్టా-ఈ (రంగు తేడా కొలత) 2 లోపుంటే సరే. ఒకటి రెండు గళ్ళే విడిగా 10 దాటి నిలబడితే అది ప్రొఫైల్ తప్పు కాదు, చేయి వణికి వరస తప్పు చదివింది. ఆ వరస మళ్ళీ చదివితే చాలు.

బాండ్ కాగితం మీద మొదటి ప్రొఫైల్‌తో లేత బూడిదలన్నీ పసుపు తిరిగాయి. కారణం కాగితంలోని తెలుపు మందు. తెల్లగా కనిపించడానికి కలిపే ఈ ఆప్టికల్ బ్రైట్‌నర్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతుంది. పరికరం దీపంలో ఆ కిరణాలున్నాయి కనుక కాగితం నీలంగా ఉందని చదివి, దాన్ని కొట్టివేయడానికి ప్రొఫైల్ పసుపు కలిపింది. ఎల్ఈడీ ట్యూబు వెలుగులో ఆ కిరణాలు దాదాపు ఉండవు, నీలం కనిపించదు, కలిపిన పసుపు మాత్రం మిగులుతుంది. పరికరంలో అతినీలలోహితం తీసేసే ఎం2 పద్ధతిలో మళ్ళీ కొలిచాక బూడిద బూడిదగా వచ్చింది.

కొలతలతో తీరని చిక్కు కూడా ప్లాటర్‌కు ఉంది. 24 అంగుళాలంటే 610 మిల్లీమీటర్లు, ఏ1 వెడల్పు 594. అటూ ఇటూ 8 మిల్లీమీటర్లే మిగులుతాయి. రోల్ కొంచెం వంకరగా ఎక్కినా అంచు బార్డర్ గీత తెగుతుంది. కొత్త రోల్ ఎక్కించాక ఒక అర మీటరు ఖాళీగా నడిపించి చూసుకోవాలి.

తేమ

సముద్రం దగ్గర ఊళ్ళలో లేజర్ ప్రింటర్‌కు రంగు చెడేది టోనర్ వల్ల కంటే కాగితం వల్ల. రాత్రి ఏసీ ఆగుతుంది, విప్పిన రీము తేమ పీలుస్తుంది. తడి కాగితం మీద టోనర్ సమంగా అంటదు, ఒకే రంగు పరిచిన చోట మచ్చలు మచ్చలుగా వస్తుంది, కాగితం అంచులు ముడుచుకుంటాయి. సాయంత్రం ట్రేలో మిగిలిన కాగితాన్ని గాలి తగలని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాక మచ్చలు తగ్గాయి.

ఇంకొకటి. ప్రింటర్ ఆన్ చేయగానే తనను తాను కాలిబ్రేట్ చేసుకుంటుంది. ఉదయం తొమ్మిదింటికి గది ఇంకా తేమగా ఉన్నప్పుడు అది జరిగిపోతుంది. పదింటికి గది ఆరాక రంగు మారిపోతుంది. ఏసీ వేసిన అరగంట తర్వాత ప్యానెల్ నుంచి చేత్తో మరోసారి కాలిబ్రేషన్ నడపాలి. పెద్ద పనులు ఆ తర్వాతే వదలాలి.

రెండో ఫిర్యాదు: కలర్ పేజీ లెక్క

60 పేజీల రిపోర్టు, కంటికి అంతా నలుపే. బిల్లు 60 కలర్ పేజీలకు. విద్యార్థి మోసపోయాననుకుంటాడు. మీటర్ చెప్పింది మాత్రం నిజమే. పేజీలో ఒక్క చుక్క రంగున్నా ప్రింటర్ దాన్ని కలర్ పేజీగా లెక్కవేస్తుంది. ఆ చుక్క ఎక్కడి నుంచి వస్తుందో వెతికితే ప్రతి రిపోర్టులోనూ అవే నాలుగు చోట్లు:

హెడర్‌లో కాలేజీ రంగుల లోగో. ఇది ఒక్కటే 60 పేజీలనూ కలర్ చేసేస్తుంది.
వర్డ్ హెడింగ్ స్టైల్. దాని సహజ రంగు ముదురు నీలం, ప్రింటులో నలుపులాగే ఉంటుంది.
నీలం గీతతో హైపర్‌లింకులు, ముఖ్యంగా రిఫరెన్సుల పేజీల్లో.
కలర్ మోడ్‌లో స్కాన్ చేసిన సర్టిఫికెట్. సంతకం నలుపే అయినా కాగితం లేత పసుపు ఫైల్లో ఉండిపోతుంది.

మందులు తేలికైనవే. లోగోను గ్రేస్కేల్ చేయాలి, హెడింగ్ రంగు ‘ఆటోమేటిక్’ పెట్టాలి, మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 నొక్కితే లింకులు మామూలు అక్షరాలవుతాయి. ఒక హెచ్చరిక: ఆ కీలు విషయసూచికను కూడా మామూలు అక్షరాలుగా మార్చేస్తాయి, కనుక పేజీ నంబర్లన్నీ ఖాయమయ్యాక, వేరే కాపీలోనే చేయాలి.

వ్యవస్థ వైపు చేసింది ఇది. ఒకే లేజర్‌కు రెండు క్యూలు పెట్టారు: ‘నలుపు’, ‘రంగు’. నలుపు క్యూ డ్రైవర్ గ్రేస్కేల్‌లో బిగించి ఉంటుంది, అందరికీ డిఫాల్ట్ అదే, రెండు వైపులా ప్రింటు. రంగు కావాలంటే కావాలని ఎంచుకోవాలి. లెక్క చూసే పేపర్‌కట్ సాఫ్ట్‌వేర్‌లో రంగును గుర్తించే పద్ధతిని డాక్యుమెంట్ స్థాయి నుంచి పేజీ స్థాయికి మార్చారు. అంతకుముందు ఒక్క పేజీలో రంగున్నా మొత్తం డాక్యుమెంటుకు కలర్ ధర పడేది. ఇందులో మాత్రం తప్పు ల్యాబ్‌దే, విద్యార్థుల కోపం న్యాయమైనదే. పంపిన పని కౌంటర్ దగ్గర ఆగి, ఎన్ని కలర్ పేజీలో, ఎంత అవుతుందో చూపించి, విద్యార్థి సరే అన్నాకే బయటికొస్తుంది.

ధర నిర్ణయంలో జరిగే తప్పు టోనర్ పెట్టె మీది అంకెను నమ్మడం. కార్ట్రిడ్జ్ మీద 6,000 పేజీలని ఉంటే అది ఐఎస్ఓ పరీక్ష పేజీ లెక్క, ఒక్కో రంగు పేజీలో 5 శాతం మేర పరచుకుంటే. ఆకాశమంతా నీలం నింపిన రెండర్‌లో సయాన్ 40 శాతం ఉంటే అదే కార్ట్రిడ్జ్ 750 పేజీలకే అయిపోతుంది. పీడీఎఫ్‌లను చదివే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంలో పేజీ పేజీకీ ఏ రంగు ఎంత పడుతుందో చెప్పే సాధనాలు రెండున్నాయి. ‘ఇంక్‌కవ్’ ఒక రంగు ఎన్ని పిక్సెళ్ళను తాకిందో చెబుతుంది, మధ్యలో అండర్‌స్కోర్ ఉన్న ‘ఇంక్_కవ్’ ఆ రంగు మోతాదు చెబుతుంది. టోనర్ ఖర్చుకు రెండోదే కావాలి. ఆ కొలతలతో రంగు ధరను రెండు అంచెలు చేశారు: లోగో, గ్రాఫు ఉన్న పేజీ ఒక ధర, పేజీ నిండా బొమ్మ మరో ధర. అన్నిటికీ ఒకే రేటు పెడితే రిపోర్టు తీసుకునే ఇంజినీరింగ్ విద్యార్థి, ఆర్కిటెక్చర్ షీట్ల టోనర్‌కు డబ్బు కట్టినట్టవుతుంది.

తెలుగు అక్షరం

పరీక్ష షీటులో 8 పాయింట్ల తెలుగు పేరా ఊరికే పెట్టింది కాదు. నలుపు అక్షరాన్ని నాలుగు టోనర్లూ కలిపి వేస్తే, ఆ నాలుగు పొరలూ వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఇంగ్లిష్ అక్షరం తట్టుకుంటుంది, తెలుగు తట్టుకోదు. ‘ష్ట్ర’లో కింది వొత్తులు కలిసిపోయి ఒక ముద్దవుతాయి, తలకట్టు చుట్టూ ఎరుపు, నీలం అంచులు కనిపిస్తాయి. భూతద్దం పెడితే స్పష్టంగా తెలుస్తుంది. డ్రైవర్‌లో ‘ప్యూర్ బ్లాక్ టెక్స్ట్’ లాంటి ఆప్షన్ ఆన్ చేస్తే అక్షరం నల్ల టోనర్ ఒక్కదానితోనే పడుతుంది. అయితే ఫొటోషాప్‌లో లేయర్లు కలిపేసిన షీటుకు ఇది పనిచేయదు. అక్కడ అక్షరం అక్షరంగా లేదు, బొమ్మలో భాగమైపోయింది. షీటు మీది రాతంతా ఇన్‌డిజైన్‌లోనో ఇలస్ట్రేటర్‌లోనో వేయాలి. ముదురు రంగు మీద తెల్లగా వదిలే తెలుగు రాత 12 పాయింట్లకు తక్కువైతే వొత్తుల సందులు పూడుకుపోతాయి.

ఇంకా తీరనిది

సగం మంది పని చేసేది సొంత ల్యాప్‌టాప్‌లలో. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ రంగుల ప్రమాణం) అని రాసి ఉండే చవక తెరలు ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా చూపలేవు. అలాంటి తెర మీద ఇటుక రంగు పాలిపోయి కనిపిస్తుంది, విద్యార్థి దాన్ని పెంచుతాడు, ప్లాటర్ మీద అది నారింజ అవుతుంది. ఆ తెరల్ని కాలిబ్రేట్ చేసినా లేని రంగు రాదు. ప్రస్తుతానికి ఏ1 పంపే ముందు, షీటులోని ముఖ్యమైన ముక్క ఒకటి ఏ4 సైజులో అదే రోల్ మీద, అదే ప్రొఫైల్‌తో తీసి, బూడిద గోడ దగ్గర చూసి ఒప్పుకోవాలన్న నియమం ఉంది. ఆ ఏ4 ముక్కకు డబ్బు తీసుకోరు.